బెల్టు చివరి జానెడు

ఆటోనగర్ రెండో క్రాసు రోడ్డులో
పొద్దున ఎనిమిదికే ఇనుము వాసన లేస్తుంది.
బండి చూసిపెట్టడానికి ఐదొందలు నా రేటు,
కొన్నా, కొనకపోయినా.

ఇవాళ పిచ్చేశ్వరరావు గారు కుటుంబంతో వచ్చారు.
కోర్టులో బెంచి గుమాస్తా,
అందుకే కాబోలు ప్రతి మాటకీ సాక్ష్యం అడుగుతారు.
కనకారావు షెడ్డులో రెండు బళ్లు పక్కపక్కనే.
ఒకటి తెల్ల సెడాన్, కడిగిన ముత్యం.
రెండోది పొడుగు బండి, వెనక తలుపు పైకి లేచేది.
దాన్ని వేగన్ అని ఎవరూ అనరు ఇక్కడ,
శవాల బండిలా ఉందంటారు,
అందుకే ఏడాదిగా దుమ్ము తింటోంది.

"తెల్లది డాక్టరు గారిది, సింగిల్ ఓనరు,
ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు."
కనకారావు అమ్మే ప్రతి బండీ డాక్టరుదే.
ఇన్ని బళ్లు అమ్ముకున్న ఆ డాక్టర్లు
ఇప్పుడు దేనిమీద తిరుగుతున్నారో.

స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుంటాను,
మా గురువు సత్తార్ ఇచ్చిన స్టెతస్కోపు.
సెడాన్ గుండె బాగుంది,
సన్నసెగ మీద పప్పు ఉడుకుతున్నట్టు.
బెంజి సర్కిల్ దాకా తోలి
ఫ్లైఓవర్ కింద గుంతలో దింపితే కిమ్మనలేదు.
పాప లిఖిత అద్దం దించి
"నాన్నా, ఇదే" అంది.

పొడుగు బండి మూడుసార్లు దగ్గి లేచింది.
క్లచ్ మోకాలు పట్టేసే రకం.
ఏసీ వేశాను,
అందరం ఒకేసారి తుమ్మాం.
గుంటూరు మిర్చి కమీషన్ వ్యాపారిదట,
పదకొండేళ్లు యార్డుకి శాంపిల్ బస్తాలు మోసిందట.
సీటు సందులో వేలు పెడితే ఎర్రటి పొడి, గింజలు.
కనకారావు మొహం తిప్పుకున్నాడు.
నాకు మాత్రం నచ్చింది,
ఎక్కడ తిరిగిందో దాచుకోని బండి.

శేషుకుమారి గారు ఏమీ మాట్లాడలేదు.
చేతిసంచీలోంచి టైలరు టేపు తీసి
వెనక సీటు మడిపించి కొలిచారు.
"మిషను టేబుల్‌తో సహా పడుతుంది" అన్నారు,
మాతో కాదు, టేపుతో.
సెడాన్ డిక్కీ కూడా కొలిచారు.
కడుపు లోతే,
నోరే చిన్నది.
"మనం కొనేది కారా, లారీనా?" అన్నారు ఆయన.

ఇక ఆఖరి పని.
సెడాన్ ముందు సీటు బెల్టు పట్టుకుని లాగాను,
మనిషి పెట్టుకునేంత కాదు,
ఇక రానంత.
నల్లటి పట్టీ, నల్లటి పట్టీ,
చివరి జానెడు దగ్గర
గీత గీసినట్టు
మట్టిరంగు.

గోటితో గీకాను. వాసన చూడక్కర్లేదు.
సింగ్ నగర్‌లో మా ఇంటి గోడ మీద
అదే రంగు, నా ఛాతీ ఎత్తున.
రెండుసార్లు సున్నం వేశాం,
చెమ్మ ఎక్కినప్పుడల్లా గీత పైకొస్తుంది.
బుడమేరు ఇంట్లోకొచ్చిన రాత్రి
సువార్త గ్యాస్ బండ ఎక్కి
పెళ్లి ఫోటో నెత్తిన పెట్టుకుని నిలబడింది.
ఎదురు సందులో మునిగిన తెల్ల కారు ఒకటి
లైట్లు వాటంతటవే వెలిగి
తెల్లారేదాకా నీళ్లకింద కళ్లు తెరుచుకునే ఉంది.
ఇది అదేనని అనను.
తెల్ల కార్లు ఊరినిండా ఉన్నాయి.

కనకారావు నా భుజం మీద చెయ్యేశాడు.
జేబులో ఏదో మడత దిగింది.
నాలుగు నోట్లు, మెకానిక్కి తడమకుండానే తెలుస్తుంది.
"ఏసోబూ, ఇంజను బాగుందన్నావుగా."
అన్నాను. అబద్ధం కాదు.
నీళ్లు తాగిన బండి ఇంజనుతో చావదు,
వైర్లతో చస్తుంది,
ఏ అర్ధరాత్రో, వారధి మధ్యలో,
వెనక సీట్లో పాప నిద్రపోతుండగా.

ఎవరికీ ఏమీ చెప్పలేదు నేను.
"లిఖితా, ఇలా రా,
ఇది కాస్త పట్టుకో, వదలకు" అన్నాను.
పట్టుకుంది. చూసింది.
"నాన్నా, దీనికి ఇక్కడ మట్టుంది."
బెంచి గుమాస్తా గారు కళ్లజోడు సర్దుకుని వంగారు.

మడత తీసి టీ గ్లాసు కింద పెట్టాను.
పాప వదలగానే బెల్టు సర్రున లోపలికి పోయింది,
నల్లగా, ఏమీ ఎరగనట్టు.

ఇవాళ వాళ్లు ఏదీ కొనలేదు.
నా ఐదొందలు నాకిచ్చారు.
శేషుకుమారి గారు మాత్రం వెళ్తూ వెళ్తూ
పొడుగు బండి వెనక తలుపు మూసి,
మళ్లీ తెరిచి,
తల లోపల పెట్టి
గట్టిగా తుమ్మి
నవ్వారు.